పట్టికలో లేని గడి
(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన ఉపన్యాసపాఠము)



ఈ యేటి మహాసభయందు విద్యావిషయమును గూర్చి మాటలాడుమని మమ్ము కోరిన కార్యదర్శిగారు, మేము వేదిక నెక్కుటకు ముందే మా చేతిలో నొక పట్టిక నుంచిరి. మన విద్యానిధి యెందఱికి వేతనముల నొసగినది, ఎన్ని పుస్తకములు పంచినది, ఎన్ని స్వర్ణపతకములు బహూకరించినది అందు విపులముగా నున్నది. దిగువ దాతల పేర్లును, విరాళములును వరుసగా నున్నవి. పట్టిక చక్కనిదే. ఈ సంచికలోనే మఱియొకచోట దానిని మీరు చూడగలరు గావున మేము తిరిగి చదువము. ఆ పట్టికలో లేని యొక గడిని గూర్చి మాత్రమే యీ కొంచెముసేపు ముచ్చటింప దలచితిమి. మనము చదివించిన పిల్లలకు చదువు వచ్చినదా? రాకపోయినచో ఎచ్చట నాగిపోయినది? ఆ సంగతి వారు మనతో నెప్పుడైన చెప్పిరా, మనమెప్పుడైన నడిగితిమా?

ఈ ప్రశ్న క్రొత్తది గాదు. రాయలసీమ జనులు మండ్రోలయ్యయని పిలుచుకొన్న మన్రో దొర మద్రాసు గవర్నరుగా నుండి, 1822వ సంవత్సరము జూను నెలలో, జిల్లాలయందలి బడుల లెక్క తీసి పంపుడని కలెక్టరుల కాజ్ఞాపించెను. తక్కిన కలెక్టరులలో ననేకులు అంకెలతో సరిపుచ్చిరి. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ మాత్రము 1823లో దీర్ఘమైన యుత్తరము వ్రాసెను. తన జిల్లాలో 533 బడులు, వానిలో 6,641 మంది విద్యార్థులు కలరని చెప్పి యంతటితో నూరకుండక, బడి లోపల పిల్లవాడేమి చేయుచున్నాడో చూచి వ్రాసెను. ముందు నేర్చిన పిల్లలు వెనుకటి పిల్లలకు నేర్పు పద్ధతిని మెచ్చుకొనెను. అటుపిమ్మట, బాలురు పాతభాషలోని పద్యముల ననేకముగా నోటికి వచ్చునట్లు వల్లించుచున్నారే గాని వాని యర్థము చిలుక కెంత తెలియునో వారి కంతే తెలియునని నిష్కర్షగా వ్రాసెను. ఆ పిల్లలలో తెలుగు పిల్లలును, కన్నడ పిల్లలును గలరు. లెక్క యడిగినవారికి లెక్కతోపాటు బాలుని యవస్థను గూడ వ్రాసి పంపిన యా యుత్తరమును విద్యాసంఘములవా రందఱును ఒకమాఱు చదువవలసియున్నది.

పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించు నా పద్ధతియే, యిసుకలో వ్రేలితో నక్షరములు దిద్దించు నలవాటుతోపాటు, ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు మద్రాసు ఎగుమూరులోని యనాథబాలుర యాశ్రమములో ననుసరించి, 1797లో లండనులో పుస్తకముగా ప్రకటించెను. ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతియని పేరు వచ్చినది. మన వీధిబడి పంతులకు మాత్రము పేరు రాలేదు.

చిలుకచదువను మాట తెలుగుదేశమును విడువలేదు. 1906లో ఉత్తర సర్కారుల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొర, జనులు మాటలాడు తెలుగునకును పుస్తకముల తెలుగునకును ఇంత దూరమేలయని యడిగిన ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులుగారి మహోద్యమమునకు తొలి కదలికయైనది. ఈ భాషలో నుపన్యసించుచు ఆయన పేరెత్తితిమని వెనుకవరుసలోని యువకులు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. మాకీ వయస్సున వేఱు భాష నోటికి రాదు. అయినను పంతులుగారి వాదములోని మూలము మాకు బోధపడినది: గురువు చెప్పినదే యైనను శిష్యునకు తెలియనిది పాఠము గాదు.

ఇక మన పంపిణీల సంగతికి వత్తము. ప్రతి జూనునందును మనము నోటుపుస్తకములు, పలకలు, సంచులు పంచుచున్నాము. ఫోటోలు తీయించుకొనుచున్నాము. దీనివలన చదువు పెరుగునా యని మనలో నెవ్వరికిని సందేహము కలుగలేదు. మన యదృష్టమున నీ సందేహము వేఱొకరికి కలిగి, మన నేలమీదనే పరీక్షింపబడినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందు 2005వ సంవత్సరము మొదలుకొని అయిదు జిల్లాల గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను నర్థశాస్త్రజ్ఞులు పెద్ద పరిశోధన యొకటి నడపిరి. పాఠశాలలను చీట్లు వేసినట్లుగా విభజించి, నూఱు బడులకు పిల్లల సామగ్రి కొఱకు రొక్క మిచ్చిరి. వేఱు నూఱు బడులకు ఏమియు నీయక పోల్చి చూచిరి. సొమ్ములో నధికభాగము నోటుపుస్తకములకు, వ్రాతసామగ్రికి, అట్టి పిల్లల యక్కఱలకే వెచ్చింపబడినది. అచ్చముగా మనము చేయు పనియే.

మొదటి సంవత్సరము పరీక్షలలో నా బడుల పిల్లలు ముందంజ వేసిరి. రెండవ సంవత్సరమును అంతే సొమ్ము వచ్చినది. అయినను ఆ యేడు చదువులో చెప్పదగిన లాభము కనుపింపలేదు. కారణము వెదకగా ఇండ్లలో దొరకినది. మొదటియేడు సొమ్ము వచ్చునని తల్లిదండ్రులకు ముందుగా తెలియదు గనుక, తాము పెట్టవలసినది తాము పెట్టిరి, బడి పెట్టినది దానికి తోడైనది. రెండవయేడు బడి యిచ్చునని తెలిసెను. అందుచేత తాము కొనవలసిన పుస్తకములను కొనక ఆ పైకమును వేఱొక యక్కఱకు మరల్చుకొనిరి. పిల్లవాని చేతిలోని పుస్తకముల సంఖ్య యెప్పటివలెనే యుండెను.

దీనిని విని తల్లిదండ్రులను నిందించువారుందురు. మేము నిందింపము. బీద సంసారి ఒకచోట మిగిలిన రూపాయిని మందునకో, బియ్యమునకో పెట్టుకొనుట వివేకమే. మన పంపిణీ యా యింటికి మేలే చేసినది. దానిని దానమనుడు, కాదనువారు లేరు. విద్యాదానమని పెద్దయక్షరములతో గుడ్డమీద వ్రాయించి కట్టుటకు మాత్రము కొంచెము తాళవలసినది. ప్రతియేటను అదే తేదీన, అదే సామగ్రి, ముందుగా చాటించి పంచు మనము ఆ రెండవ సంవత్సరములోనే ముప్పది యేండ్లుగా నివసించుచున్నాము.

ఆ పరిశోధనలోనే మఱికొన్ని బడులలో సంవత్సరారంభమున పిల్లల బలాబలములను వివరించు నివేదికలను ఉపాధ్యాయుల చేతికిచ్చి, అప్పుడప్పుడు పోయి చూచివచ్చిరి. చూడవచ్చినవారి యెదుట ఉపాధ్యాయులు చుఱుకుగనే కనుపించిరి. సంవత్సరాంతమున పిల్లల మార్కులలో భేదము లేదు. మన తనిఖీసంఘము వారు దీనిని మనస్సున నుంచుకొందురు గాక.

మఱి దేనివలన చదువు వచ్చును? ఒక యుదాహరణమును చూపెదము. 2005 మొదలుగా దేశమందు జరుగుచున్న అసర్ అను గ్రామీణ విద్యా పరిశీలనమునందు, అయిదవ తరగతి పిల్లలలో ఇంచుమించు సగముమంది రెండవ తరగతి వాచకమును చదువలేకపోవుచున్నారని మాటిమాటికి తేలుచున్నది. ఆ బాలుడు బడికి పోవుచునే యున్నాడు. హాజరుపట్టీలో నున్నాడు. పంతులు అయిదవ తరగతి పాఠము చెప్పుచునే యున్నారు, ఏలయన వారు ముగింపవలసిన పుస్తకమది. వీని చదువు మాత్రము రెండవ తరగతి మెట్టుమీదనే కూర్చుండియున్నది. ప్రథమ్ సంస్థవారు వడోదర, ముంబయి నగరములలో ఇట్టి వెనుకబడిన పిల్లలను దినమునకు రెండుగంటలు తరగతినుండి వేఱుగా కూర్చుండబెట్టి, ఆ చుట్టుప్రక్కల యువతులచే అక్షరములు, కూడికలు మొదలుకొని నేర్పించిరి. ఆ యువతులకు బాలసఖులని పేరు. వారు పండితురాండ్రు గారు. ఉన్నతపాఠశాల చదువు ముగించినవారు, రెండువారముల శిక్షణము పొందినవారు, వారి జీతమును స్వల్పమే. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో ప్రభృతులు దానిని పరీక్షించి 2007లో ప్రకటించిన ఫలితములలో పిల్లల చదువు నిశ్చయముగా పెరిగినది. అందును అందఱికంటె వెనుక నున్నవారు ఎక్కువ బాగుపడిరి. పిల్లవాడు నిలిచియున్న మెట్టునొద్దకు గురువు దిగివచ్చుటయే ఇందలి కిటుకు. దీనిలో యంత్రము లేదు, భవనము లేదు, శిలాఫలకము నాటుటకు చోటును లేదు. అందుచేతనే కాబోలు దాతల కన్నులబడుట యాలస్యమైనది.

ఇచ్చట మా స్వంతకథ యొకటి చెప్పవలసియున్నది. చెప్పుటకు సంతోషముగా లేదు.

మన వసతిగృహములో రాత్రి యెనిమిదింటికి గంట కొట్టుదురు. పదింటివరకు పిల్లలు బిగ్గఱగా చదువుదురు. ఆ ధ్వని వీధి చివరవరకు వినవచ్చును. ఇదివఱలో నొక మహాసభయందు మేమే యీ వేదికనుండి ఆ ధ్వనిని తుమ్మెదల ఝంకారముతో పోల్చి, గృహపాలకుని శ్లాఘించితిమి. ఆ సంవత్సరమే పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొనిన యొక పల్లెటూరి బాలునికి పతకమిచ్చి, పట్టణమున కళాశాలలో చేర్పించి, వసతిగృహములో చోటిచ్చితిమి. రెండవయేట నాతడు పరీక్షలు తప్పెను. నిబంధన ప్రకారము వేతనము నిలిపితిమి. ఆ కాగితముపై చేవ్రాలు మాదే. బాలుడు పెట్టె సర్దుకొని యింటికి పోయెను.

కొన్ని నెలలకు తండ్రి వానిని వెంటబెట్టుకొని క్షమాపణ చెప్పుకొనుటకు మా యింటికి వచ్చెను. క్షమాపణ! ఆయన నిలుచుండియే మాటలాడెను, ఎంత చెప్పినను కూర్చుండలేదు. మేము బాలుని, "నాయనా, రాత్రులు అంత గట్టిగా చదువుచుంటివే, ఏమైన"దని యడిగితిమి. వాడు తలవంచుకొని, "చదువుతున్నట్టు వినపడాలి గదండీ, అందుకని చదివేవాణ్ణి. ఇంగ్లీషులో ఏముందో నాకు తెలిసేది కాదండీ" అనెను. పదవ తరగతివరకు తెలుగున చదివినవాడు. కళాశాలలో నన్నియు నింగ్లీషే. బోర్డుమీదిది బోర్డుమీదనున్నట్లు దింపుకొనుచు, రాత్రి దానినే గొంతెత్తి చదువుచు, రెండేండ్లు గడపెను. "మఱి ఎవ్వరితోనైన చెప్పలేక పోయితివా?" యంటిమి. "ఎవరూ అడగలేదండీ" యనెను. నిజమే. గృహపాలకుడు భోజనము, హాజరు అడిగెను. కార్యదర్శి మార్కులడిగెను. మేము కృతజ్ఞత నడిగితిమి.

ఆ తుమ్మెదల ఝంకారమును గూర్చి శాస్త్రజ్ఞులేమందురో ఇప్పుడు వినుడు. అమెరికాలో సెయింట్ లూయీ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున రోడిగర్, కార్పికి అను మనశ్శాస్త్రజ్ఞులు విద్యార్థులకు చిన్న గద్యభాగముల నిచ్చిరి. కొందఱు దానిని నాలుగుమాఱులు చదివిరి. మఱికొందఱు ఒక్కమాఱు చదివి, పుస్తకమును మూసి, జ్ఞాపకమున్నది మూడుమాఱులు వ్రాసిరి. అయిదు నిమిషములకు పరీక్షింపగా నాలుగుమాఱులు చదివినవారిదే పైచేయి: వారికి నూటికి 83 పాళ్లు, వీరికి 71 పాళ్లు జ్ఞాపకమున్నది. వారము దినములకు పరీక్షింపగా తలక్రిందైనది. చదివి చదివినవారికి 40 పాళ్లు మిగిలెను. మూసి చెప్పుకొనినవారికి 61 పాళ్లు నిలిచెను. వింత యేమనగా, తమకు బాగుగా జ్ఞాపకముండునని గట్టి నమ్మకముతో నుండినవారు మఱలమఱల చదివినవారే. ఇది 2006లో ప్రకటితమైనది.

మన పెద్దలు దీనిని ఎఱుగనివారు గారు. వీధిబడిలో వల్లెవేయుటయు గలదు, అప్పజెప్పుటయు గలదు. ఆ రెండును ఒకటి గావు. వల్లెవేయునప్పుడు పుస్తకము పిల్లవానిని మోయును. అప్పజెప్పునప్పుడు పిల్లవాడు పాఠమును మోయవలెను. మనము మొదటిదానిని వసతిగృహమునకు తెచ్చుకొని రెండవదానిని వీధిబడిలోనే విడిచివచ్చితిమి. అప్పజెప్పుట యన్నను క్యాంబెల్ చూచిన చిలుకపద్యమువలె గాక, తెలిసిన యర్థమును తన మాటలతో చెప్పుట కావలెను. ఆ బాలుని ఒక్క రాత్రి పుస్తకము మూసి తెలుగున చెప్పుమని యడిగియున్నచో, మొదటి వారములోనే గుట్టు బయటపడెడిది.

పిల్లల నడుగుటయు నొక శాస్త్రమే. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము వారి యంగ్ లైవ్స్ అను పరిశీలనము 2002 మొదలు మన తెలుగుజిల్లాలలో మూడువేలమంది పిల్లలను ఏండ్లతరబడి వెంబడించి, వారి నోటనే వారి బడి కథలను విన్నది. ఎనిమిదేండ్ల పిల్లలలో నత్యధికసంఖ్యాకులు గతవారమున ఉపాధ్యాయుడు పిల్లలను కొట్టుట చూచితిమని చెప్పిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టము దండనమును నిషేధించినది. మన సభ్యులలో ననేకులు ఇంకను బెత్తమును తలచుకొని కన్నులు చెమర్చుకొందురు. తాము దానివలననే పైకి వచ్చితిమని వారి నమ్మకము. బెత్తమువలన బడి మానినవాడు ఈ సభకు వచ్చి సాక్ష్యము చెప్పడు గదా.

ఇక మిగిలినది ఈ సభకే సూటిగా తగులు విషయము. కొందఱికి కష్టముగా దోచవచ్చును. ఉత్తరప్రదేశమందలి యొక పల్లెలో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అను పరిశోధకురాండ్రు, పైకులములవారనబడు బాలురను, అణగద్రొక్కబడిన కులముల బాలురను సమసంఖ్యలో, మొత్తము 642 మందిని చేర్చి, చిక్కుదారుల పటములను విప్పుడని యిచ్చిరి. విప్పినకొలది బహుమానము. కులము ప్రసక్తి రానియెడల ఇరుతెగల బాలురకును చెప్పదగిన భేదము లేకపోయెను. తరువాత కొన్ని గుంపులలో ప్రతిబాలుని పేరును, కులమును అందఱియెదుట చదివి, పిదప పటములిచ్చిరి. అంతమాత్రమున అణగద్రొక్కబడిన కులముల బాలురు విప్పిన పటముల సంఖ్య గణనీయముగా పడిపోయెను. బుద్ధి యదే, పటములవే, గది యదే. చేరినది ఒక్క పిలుపు. 2006లో ప్రకటితమైన యీ పరిశోధనను మేము చదివిన రాత్రి మాకు నిద్రపట్టలేదు.

మన కులము పైదియా క్రిందిదియా యను తర్కమును ఈ వేదికపై నెన్నోమాఱులు వింటిమి. దానితో నిప్పుడు పనిలేదు. మనము చేయుచున్న దొకటి గలదు. ప్రతియేటను ప్రధానోపాధ్యాయులకు మన ముద్రవేసిన యుత్తరములు పంపుచున్నాము. మన కులపు బీదవిద్యార్థులను గుర్తించి, ప్రార్థనాసమయమున వారి పేర్లు చదివి, వేతనముల దరఖాస్తు లిప్పింపుడని కోరుచున్నాము. పిల్లవాడు వందలమంది యెదుట ముందునకు వచ్చి నిలువవలెను. వాని నుదుట మనము రెండుమాటలు వ్రాయుచున్నాము: ఒకటి కులము, రెండవది బీదతనము. అటుపిమ్మట పోయి లెక్కల తరగతిలో కూర్చుండవలెను. ఇది మన యుదారత.

కావున మా మనవి యిది. ఆ యుత్తరములు ఈ జూనునుండి నిలిపివేయవలెను. దరఖాస్తులు తపాలా కవరులో నింటికే పంపవచ్చును. ఖర్చు స్వల్పము. వసతిగృహములో రాత్రి పఠనకాలమున కడపటి యరగంట పుస్తకములు మూసి, ఇద్దఱిద్దఱుగా కూర్చుండి, చదివినది ఒకరికొకరు తెలుగున చెప్పుకొనవలెను. వీధిచివరకు ధ్వని వినబడకపోయిన వినబడకపోవును. ఇంగ్లీషు చదువులకు క్రొత్తగా వచ్చినవారికి మొదటి మూడునెలలు ప్రత్యేకముగా నొకరు చెప్పవలెను. వేతనము నిలుపుటకు ముందు విద్యార్థిని పిలిచి, వాని మాట విని, విన్నది వ్రాసి, ఆ కాగితమును దస్త్రములో నుంచిన పిదపనే చేవ్రాలు చేయవలెను.

పతకముల మూలధనమును గూర్చి చెప్పుటకు మాకు జంకుగా నున్నది, ఏలయన అందు పలువురి తల్లిదండ్రుల పేర్లు ముడిపడియున్నవి. అయినను చెప్పెదము. మొదటివాడుగా వచ్చిన బాలునకు పతకమీయకున్నను వాడు చదువును. దాతలు సమ్మతించినచో ఆ వడ్డీలో సగముతో, మన నాలుగు గ్రామములలో, మూడవ తరగతి మొదలు అయిదవ తరగతివరకు చదువరాని పిల్లలకు సాయంకాలము రెండుగంటలు ఆ యూరి యువతులచే నేర్పింపవచ్చును. దాత తల్లిగారి పేరు ఆ గుంపునకే పెట్టవచ్చును. పిల్లలలో కులము చూడరాదు. "మన నిధి మనవారికే గదా" యని యొక పెద్దలు నిన్న భోజనముల యొద్ద మాతో ననిరి. అయ్యా, చిక్కుదారుల కథ విన్నారు గదా. మన పిల్లలనే వేఱుచేసి పిలిచినచో నే పని వలదనుచున్నామో ఆ పనియే మఱల చేసినవారమగుదుము. పైపెచ్చు ఆ యూరి బడిలో తరగతిగది యొక్కటియే.

ఆ బాలుని సంగతి యడుగుదురేమో. నిలిపిన వేతనమును మా స్వంతముగా పంపితిమి. తండ్రి దానిని తీసికొన్నాడు. బాలుడు మాత్రము కళాశాలకు తిరిగి పోలేదు. తండ్రితో పనికి పోవుచున్నాడు. తెలుగున చదువుకొని పరీక్ష కట్టు మార్గమొకటి సూచించి యుత్తరము వ్రాసితిమి. జవాబింకను రాలేదు.

పై మనవులు తీర్మానరూపమున కార్యదర్శిగారి యొద్ద నున్నవి. రేపు ఉదయము జమాఖర్చుల చర్చకు ముందు సభ్యుల యెదుట నుంచబడును. పతకముల దాతలలో సమ్మతిలేనివారు అచ్చటనే లేచి చెప్పవలెనని ప్రార్థన. వినుటకు మేము సిద్ధముగా నుందుము.